ప్రధానిని మార్చినా ఓటు తిరిగి రాలేదు: ఆస్ట్రేలియా పార్టీల వెనుక కథ

2018 ఆగస్టు 24, శుక్రవారం. కాన్‌బెర్రాలోని పార్లమెంటు భవనంలో అందరి కళ్లూ ఒక కాగితం మీదే ఉన్నాయి. ప్రధాని మాల్కమ్ టర్న్‌బుల్ తన సొంత లిబరల్ పార్టీ ఎంపీలకు ఒక షరతు పెట్టారు. తనను దిగిపొమ్మనేవాళ్లు చాటుమాటుగా కాకుండా సంతకాలు పెట్టి చూపించాలి, అలాంటి సంతకాలు 43 వస్తేనే సమావేశం పిలుస్తాను అన్నారు. పార్టీకి ఉన్న 85 మంది ఎంపీలు, సెనేటర్లలో సగం దాటాలంటే అంతమంది కావాలి. నలభై మూడో సంతకం క్వీన్స్‌లాండ్ ఎంపీ వారెన్ ఎంట్ష్‌ది. ఆయన తన పేరు పక్కన "బ్రెండన్ నెల్సన్ కోసం" అని రాశారు. ఆ నెల్సన్ 2008లో లిబరల్ పార్టీ నాయకుడు. ఆ ఏడాది సెప్టెంబరులో నాలుగు ఓట్ల తేడాతో ఆయన్ని దింపి ఆ కుర్చీలో కూర్చున్నది టర్న్‌బులే.

ఆ మధ్యాహ్నం 45–40 ఓట్లతో టర్న్‌బుల్ పదవి పోయింది. వెంటనే జరిగిన పోటీలో మళ్లీ అదే 45–40 తేడాతో పీటర్ డటన్ మీద స్కాట్ మారిసన్ గెలిచి ప్రధాని అయ్యారు. ఎనిమిదేళ్లలో సొంత పార్టీవాళ్లే ఒక ప్రధానిని దింపేయడం అది నాలుగోసారి.

ఈ కథను పగలు, వెన్నుపోట్ల కథగానే చెప్పుకోవడం మామూలు. పగలు లేవని కాదు. కానీ అక్కడే ఆగిపోతే అసలు సంగతి కనపడదు. లిబరల్, లేబర్ అనే రెండు పెద్ద పార్టీలకూ తరతరాలుగా కళ్లు మూసుకుని ఓటేసిన జనం దశాబ్దాలుగా వాటికి దూరమవుతూ వచ్చారు. పార్టీలు ఆ జబ్బుకు మందు వెతకకుండా, సర్వే అంకెలు పడిపోయిన ప్రతిసారీ నాయకుడిని మార్చి చూశాయి.

అంత తేలిగ్గా మార్చడం ఎలా కుదిరింది? అక్కడ జనం ఓటేసేది తమ నియోజకవర్గ ఎంపీకి. ప్రధాని ఎవరన్నది పాలక పార్టీ చట్టసభ సభ్యులు ఒక గదిలో కూర్చుని తేల్చుకుంటారు. లిబరల్స్ ఆ సమావేశాన్ని పార్టీ రూమ్ అంటారు, లేబర్ వాళ్లు కాకస్ అంటారు. నాయకుడి పదవి ఖాళీ అయినట్టు ప్రకటించి కొత్తగా ఎన్నిక పెట్టడాన్ని స్పిల్ అంటారు. పొద్దున స్పిల్ జరిగితే సాయంత్రానికి దేశానికి కొత్త ప్రధాని. దీనికి తోడు ప్రతినిధుల సభ గడువు మూడేళ్లే. గెలిచిన ఏడాదిన్నరకే ఎంపీకి మళ్లీ తన సీటు గురించి టెన్షన్ మొదలవుతుంది. 1985 నుంచి వస్తున్న న్యూస్‌పోల్ సర్వే, రెండు మూడు వారాలకోసారి వచ్చి, ఆ టెన్షన్‌ను అంకెల్లో ముందు పెడుతుంది.

ఇది 2010లో పుట్టిన అలవాటు కాదు. 1971 మార్చిలో రక్షణ మంత్రి మాల్కమ్ ఫ్రేజర్ రాజీనామాతో ప్రధాని జాన్ గోర్టన్ చిక్కుల్లో పడ్డారు. పార్టీ రూమ్‌లో విశ్వాస ఓటు పెడితే 33–33తో సమమైంది. ఇలాంటప్పుడు తనపై విశ్వాసం ఉన్నట్టు కాదని చెప్పి గోర్టన్ తనంతట తానే తప్పుకున్నారు. 1991 డిసెంబరులో బాబ్ హాక్‌ను 56–51తో ఓడించి పాల్ కీటింగ్ ప్రధాని అయ్యారు. అయితే అప్పట్లో ఇలాంటివి తరానికి ఒకసారి జరిగేవి.

ఇక ఓటు సంగతి. ఆస్ట్రేలియాలో జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడం 1924 నుంచి తప్పనిసరి, సరైన కారణం లేకుండా మానేస్తే 20 డాలర్ల జరిమానా. అందుకే మనసు విరిగిన ఓటరు అక్కడ ఇంట్లో కూర్చోడు, వెళ్లి ఇంకొకరికి వేస్తాడు. ఆ ఇంకొకరికి వేసే దారి 1918 నుంచే తెరిచి ఉంది. ఆ ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలోని స్వాన్ ఉప ఎన్నికలో లేబర్ వ్యతిరేక ఓట్లు చీలి, మూడోవంతుకు కాస్త ఎక్కువ ఓట్లతోనే 22 ఏళ్ల లేబర్ అభ్యర్థి గెలిచారు. అది మళ్లీ జరగకూడదని అప్పటి ప్రభుత్వం ప్రాధాన్య ఓటు పద్ధతి తెచ్చింది.

మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. పోలింగ్ రోజున ఏ బడికో కమ్యూనిటీ హాలుకో వెళితే, గేటు దగ్గర పార్టీల వాలంటీర్లు తమ వరుస అచ్చువేసిన కాగితాలు చేతిలో పెడతారు. పక్కన పొయ్యి మీద బ్రెడ్డులోకి సాసేజ్‌లు కాలుతుంటాయి. లోపల ఆకుపచ్చ బ్యాలెట్ ఇస్తారు. ఎనిమిది మంది పోటీలో ఉంటే ఎనిమిది గడుల్లోనూ పెన్సిల్‌తో 1 నుంచి 8 వరకు అంకెలు వేయాల్సిందే. లెక్కింపులో అందరికంటే తక్కువ వచ్చినవారిని తప్పిస్తూ, వాళ్ల ఓట్లను ఆ ఓటర్లు వేసిన తర్వాతి అంకె ప్రకారం పంచుతారు, ఎవరో ఒకరు సగం దాటేదాకా. అంటే అభిమాన పార్టీకి బుద్ధి చెప్పడానికి చిన్న పార్టీకి 1 వేసినా ఓటు వృథా కాదు, 2 ఎవరికి వేస్తే వారికి చేరుతుంది. ఈ భరోసా ఉన్నచోట పెద్ద పార్టీలను వదిలేయడం ఓటరుకు తేలిక.

వదిలేశారు కూడా. 1950ల్లో నూటికి తొంభై మందికి పైగా లేబర్‌కో, లిబరల్–కంట్రీ పార్టీల కూటమికో మొదటి ఓటు వేసేవారు. 2007లోనూ ఆ లెక్క 85 దాకా ఉంది. 2022 వచ్చేసరికి దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరి మొదటి ఓటు ఆ రెండింటికీ పడలేదు. లేబర్‌కు పునాది కార్మిక సంఘాలు. 1970ల్లో ఉద్యోగుల్లో సగం మంది యూనియన్ సభ్యులైతే, ఇప్పుడు ఎనిమిది మందిలో ఒకరే. లిబరల్స్‌కు పునాది సొంతిల్లు, చర్చి, చిన్న వ్యాపారం ఉన్న మధ్యతరగతి కుటుంబం. ఇళ్ల ధరలు ఆకాశాన్నంటాక నేటి ముప్పై ఏళ్ల ఉద్యోగి అద్దె ఇంట్లోనే ఉంటున్నాడు. తాతది ఏ పార్టీ అన్నది మనవడికి ఇప్పుడు పట్టడం లేదు.

ఈ పునాది కుంగుతున్న కాలంలోనే, 2007 నవంబరులో, కెవిన్ రడ్ నాయకత్వంలో లేబర్ గెలిచింది. పదకొండేళ్లు ప్రధానిగా ఉన్న జాన్ హోవర్డ్ తన సొంత బెనెలాంగ్ సీటు కూడా పోగొట్టుకున్నారు. 2008 ఫిబ్రవరి 13న, తల్లుల ఒడి నుంచి బలవంతంగా తీసుకెళ్లిన ఆదివాసీ పిల్లల తరాలకు రడ్ పార్లమెంటులో దేశం తరఫున క్షమాపణ చెప్పారు. అంతటి జనాదరణ ఉన్న నాయకుడిని కిందికి లాగింది వాతావరణ విధానం. వాతావరణ మార్పు మన తరానికి పెద్ద నైతిక సవాలు అని చెప్పిన ఆయన, కర్బన ఉద్గారాల పథకం సెనేట్‌లో వీగిపోయాక, 2010 ఏప్రిల్‌లో దాన్ని వాయిదా వేశారు. నమ్మి ఓటేసినవాళ్లు మొహం తిప్పుకున్నారు. వెంటనే గనుల మీద కొత్త పన్ను ప్రకటిస్తే గనుల కంపెనీలు కోట్ల డాలర్లతో ప్రకటనల యుద్ధం చేశాయి. జూన్ 23 రాత్రి నాయకత్వ పోటీ మొదలైంది. మర్నాడు ఉదయానికల్లా జూలియా గిల్లార్డ్ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఓడిపోతానని తెలిసి రడ్ పోటీకే దిగలేదు.

తాము గెలిపించిన ప్రధానిని ఎందుకు తీసేశారో జనానికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆ మౌనమే పార్టీని ఎక్కువ దెబ్బ తీసిందని నా అభిప్రాయం. రెండు నెలలకే ఎన్నికలు పెడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. 150 సీట్ల సభలో లేబర్‌కు 72, కూటమికి 72. పదిహేడు రోజుల చర్చల తర్వాత పర్యావరణ పార్టీ అయిన గ్రీన్స్ ఎంపీ, ముగ్గురు స్వతంత్రుల అండతో గిల్లార్డ్ నిలబడ్డారు. ఎన్నికల్లో కార్బన్ పన్ను ఉండదన్న ఆమె, మైనారిటీ ప్రభుత్వంలో కార్బన్ ధర తేవాల్సి వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు టోనీ అబాట్ మూడేళ్లపాటు ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. 2011 మార్చిలో పార్లమెంటు ఎదుట జరిగిన సభలో ఆయన మాట్లాడుతుంటే, వెనక జనం చేతుల్లో 'ఈ మంత్రగత్తెను వదిలించుకోండి' అన్న బోర్డులు కనిపించాయి. ఒక దేశ ప్రధాని గురించి ఆ మాట. విధానం మీద కోపం ఎంతైనా ఉండొచ్చు, ఆ అవమానం మాత్రం ఆమె ఆడది కాబట్టే జరిగింది.

లోపల రడ్ ఊరుకోలేదు. 2012 ఫిబ్రవరిలో పోటీ చేసి 31–71తో ఓడారు, 2013 జూన్ 26న 57–45తో గెలిచి మళ్లీ ప్రధాని అయ్యారు. సెప్టెంబరు ఎన్నికల్లో కూటమికి 90 సీట్లొచ్చి లేబర్ 55కు పడిపోయింది. పోయేముందు రడ్ ఒక పని చేశారు. లేబర్ నాయకుడి ఎన్నికలో సగం బలం మామూలు పార్టీ సభ్యులకు ఇచ్చారు. పదవిలో ఉన్న ప్రధానిని కదిలించాలంటే కాకస్‌లో 75 శాతం మంది అడగాలని నియమం పెట్టారు. అప్పటి నుంచి లేబర్ ప్రధానిని ఎవరూ దింపలేదు.

లిబరల్స్ అదంతా చూసి కూడా అదే గుంతలో పడ్డారు. 2014 బడ్జెట్ కోతలు అబాట్‌ను దెబ్బతీశాయి. 2015లో జాతీయ దినమైన ఆస్ట్రేలియా డే నాడు బ్రిటన్ రాణి భర్త ఫిలిప్‌కు నైట్ బిరుదు ఇవ్వడం సొంత ఎంపీలకే తల కొట్టేసినట్టయింది. ఫిబ్రవరిలో ఎదురుగా అభ్యర్థే లేని స్పిల్ తీర్మానానికి 39 ఓట్లు పడ్డాయి. సెప్టెంబరు 14న టర్న్‌బుల్ 54–44తో గెలిచారు. ముప్పై న్యూస్‌పోల్స్‌లో వరుసగా వెనకబడ్డామన్నది ఆయన చెప్పిన ఒక కారణం. 2018 ఏప్రిల్‌లో ఆయనా సరిగ్గా ముప్పయ్యో న్యూస్‌పోల్‌లో వెనకబడ్డారు. ఆ ఆగస్టులో విద్యుత్తు, ఉద్గారాల విధానం మీద పార్టీ మళ్లీ చీలింది. ఆ తర్వాత జరిగిందే సంతకాల కాగితం.

ఇదే విధానం మీద 2009లో ప్రతిపక్ష నాయకుడిగా టర్న్‌బుల్ ఒక్క ఓటు తేడాతో, 41–42తో, అబాట్ చేతిలో పదవి పోగొట్టుకున్నారు. రడ్, గిల్లార్డ్, టర్న్‌బుల్ రెండుసార్లు: పదేళ్లలో ఇంతమందిని ఒకే సమస్య మింగింది. బొగ్గు ఎగుమతితో బతికే ప్రాంతాలు, మంటలకీ కరువుకీ భయపడే నగరాలు ఒకే పార్టీలో ఇమడలేకపోవడమే దానికి మూలం.

2018 చివర్లో లిబరల్స్ కూడా గెలిచిన ప్రధానిని తీయాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. 2019లో సర్వేలన్నీ తలకిందులై మారిసన్ గెలిచారు. కానీ అదే రోజు సిడ్నీ తీరంలోని వారింగా సీటులో మాజీ ప్రధాని అబాట్ స్వతంత్ర అభ్యర్థి, ఒలింపిక్ స్కీయర్ జాలీ స్టెగాల్ చేతిలో ఓడిపోయారు. ఆ హెచ్చరికను పార్టీ సరిగ్గా వినలేదు. 2022లో వాతావరణం, అవినీతి నిరోధం, మహిళల పట్ల గౌరవం అనే అంశాలతో టీల్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు చొక్కాల స్వతంత్ర మహిళలు సంపన్న నగర సీట్లను ఒకదాని వెంట ఒకటి గెలిచారు. వాటిలో టర్న్‌బుల్ ఒకప్పటి సీటు వెంట్‌వర్త్ ఉంది. పార్టీని స్థాపించిన రాబర్ట్ మెన్జీస్ సీటు కూయాంగ్ కూడా ఉంది. ఆంథనీ ఆల్బనీజీ ప్రధాని అయ్యారు. అయితే లేబర్ మొదటి ఓట్లు 32.6 శాతమే, 1934 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు.

2025 మే 3న లేబర్‌కు 94 సీట్లొచ్చాయి. హోవర్డ్ తర్వాత వరుసగా రెండు ఎన్నికలు గెలిచిన తొలి ప్రధాని ఆల్బనీజీయే. మొదటి ఓట్లు మాత్రం 34.6 శాతం, మిగతా బలమంతా రెండో, మూడో అంకెలది. కూటమి 31.8 శాతానికి, 43 సీట్లకు కుంగింది. ప్రతిపక్ష నాయకుడు డటన్ తన డిక్సన్ సీటులోనే ఓడారు. టాస్మేనియాలోగానీ అడిలైడ్ నగరంలోగానీ లిబరల్స్‌కు ఒక్క సీటూ మిగల్లేదు. మెల్‌బోర్న్ సీటులో మొదటి ఓట్లలో ముందున్న గ్రీన్స్ నాయకుడు ఆడమ్ బాంట్ కూడా, లిబరల్ ఓటర్ల ప్రాధాన్యాలు లేబర్‌కు చేరడంతో ఓడిపోయారు.

పది రోజులకు సుసాన్ లే 29–25తో ఆంగస్ టేలర్‌ను దాటి లిబరల్ పార్టీకి తొలి మహిళా నాయకురాలయ్యారు. సరిగ్గా వారానికి కూటమిలోని చిన్న పార్టీ నేషనల్స్ (పాత కంట్రీ పార్టీ) వాళ్లు కూటమి నుంచి వెళ్లిపోయి, మళ్లీ వారానికి తిరిగొచ్చారు. నవంబరులో రెండు పార్టీలూ నెట్ జీరో లక్ష్యాన్ని, అంటే నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవాలన్న లక్ష్యాన్ని, వదిలేశాయి. నగర ఓటర్లు ఏ విషయం మీద వెళ్లిపోయారో దాని మీదే ఇంకా దూరం జరిగారు. అటువైపు వలసలను వ్యతిరేకించే వన్ నేషన్‌కు సర్వేల్లో బలం పెరిగింది. డిసెంబరులో నేషనల్స్ మాజీ నాయకుడు, మాజీ ఉప ప్రధాని బార్నబీ జాయిస్ అందులో చేరారు.

ఈ లాగులాటలో మనవాళ్లు కూడా ఉన్నారు. 2021 జనగణన నాటికి భారత్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో ఉంటున్నవారు 6.73 లక్షలు, ఇంగ్లండ్‌లో పుట్టినవారి తర్వాత వాళ్లే ఎక్కువ. 2025 ఆగస్టు 31న పలు నగరాల్లో జరిగిన వలస వ్యతిరేక ర్యాలీల కరపత్రాల్లో భారతీయుల పేరెత్తారు. కొద్ది రోజులకే లిబరల్ సెనేటర్ జసింటా నంపిజిన్పా ప్రైస్, లేబర్‌కు ఓటేస్తారనే భారతీయులను రప్పిస్తున్నారన్న అర్థంలో మాట్లాడారు. క్షమాపణ చెప్పకపోగా, లే నాయకత్వంపై విశ్వాసం ఉందని కూడా అనలేదు. సెప్టెంబరు 10న లే ఆమెను షాడో మంత్రి (ప్రతిపక్షం తరఫున ఒక శాఖను చూసే) పదవి నుంచి తప్పించారు, ఆ తర్వాత పార్టీ తరఫున భారత సంతతివారికి క్షమాపణ చెప్పారు. ప్రైస్‌ను తప్పించడం లిబరల్స్‌లోని ఒక వర్గానికి నచ్చలేదు. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, సిడ్నీ పశ్చిమ భాగంలో కొత్తగా ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు మాత్రం ఆ రెండు వారాల మాటలన్నీ విన్నాయి. అక్కడ తర్వాతి ఎన్నికల బ్యాలెట్‌లో 1 ఎక్కడ పడుతుందో, 2 ఎక్కడ పడుతుందో ఇప్పుడు రెండు పార్టీల ఆఫీసుల్లోనూ లెక్కలు వేస్తున్నారు.