డిస్కు ఎవరిది, ఆట ఎవరిది?

తిరుపతి

చిరంజీవులు హర్ష, మేఘనలకు తాత ఆశీస్సులు.

మామయ్య కొన్న కొత్త గేమ్ మిషన్‌లో డిస్కు పెట్టే చోటే లేదేమని మేఘన అడిగింది. అసలు డిస్కును కనిపెట్టింది ప్లేస్టేషన్ కంపెనీయేనా అని హర్ష అడిగాడు. ఫోనులో చెబితే సగంలో ఆగిపోయే సంగతి ఇది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు హర్ష ప్రశ్నకు జవాబు చెబుతాను. అందులో ఈ కాలం పిల్లలు మరిచిపోకూడని ఒక పేరు ఉంది.

ప్లేస్టేషన్ సోనీది. డిస్కులో సోనీకి పెద్ద వాటాయే ఉంది. కానీ దానికి పునాది వేసింది ఫిలిప్స్. ఆ పేరు మీరు బల్బుల మీద చూసి ఉంటారు, మేము రేడియోల మీద చూశాం. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ అనే ఊళ్లో 1891లో బల్బులు చేయడానికి పెట్టిన కంపెనీ అది. 1963లో క్యాసెట్టును లోకానికి ఇచ్చిందీ వాళ్లే. ఒకప్పుడు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాల్లో అన్నమయ్య కీర్తనల క్యాసెట్లు దొరికేవి. ఏ కంపెనీ టేప్‌రికార్డరులో పెట్టినా అవి పాడేవి. ఆ సౌకర్యం ఊరికే రాలేదు. క్యాసెట్టు కొలతలను ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి ఫిలిప్స్ ఒప్పుకోవడం వల్ల వచ్చింది.

1970ల నాటికి ఆ కంపెనీ పరిశోధకులు మరో దారి పట్టారు. టేపును పరికరం ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి టేపు అరుగుతుంది. ఏదీ తాకకుండా, వెలుగుతోనే చదివితే? ముందు సినిమాలు చూడటానికి పెద్ద పళ్లెమంత లేజర్‌డిస్కు చేశారు. 1978లో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. అది ఎక్కువ ఇళ్లకు చేరలేదు. కానీ దాని కోసం నేర్చుకున్న పనితోనే చిన్న డిస్కు, అంటే సీడీ, పుట్టింది. 1979 మార్చిలో ఐండ్‌హోవెన్‌లో పత్రికల వాళ్ల ముందు దాన్ని పాడించి చూపించారు.

ఇప్పుడు బీరువాలోంచి ఒక సీడీ తీసి వెనక్కి తిప్పండి. ఆ మెరుపులో ఒకే ఒక దారి ఉంది. లోపలి నుంచి బయటికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది. విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది. చుట్టకూ చుట్టకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో ఆరు వందలకు పైగా చుట్టలు. ఆ దారి పొడవునా కంటికి కనిపించని గుంటలుంటాయి. కంటికి కనపడని పరారుణ లేజరు కిరణం కింది నుంచి పడుతుంది. గుంటలోకి వెళ్లి తిరిగి వచ్చిన వెలుగు, చదునుగా ఉన్న చోటి నుంచి వచ్చిన వెలుగుతో కలిసి ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకునేలా గుంటల లోతును ఎంచుకున్నారు. వెలుగు మారిన చోట, అంటే గుంట మొదలైన లేదా ముగిసిన చోట, 1. మారకుండా సాగిన చోట 0. పాటంతా ఆ రెండు అంకెలే. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి చొప్పున రాసిన అంకెలు. ఒక్కో కొలతకు 16 బిట్లు; బిట్ అంటే ఒక 0 లేదా ఒక 1. లెక్క వేసి చూడండి: 44,100ను 16 బిట్లతో, రెండు చెవులతో గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు!

మేఘనా, నువ్వు తిరుమలలో తాళ్లపాక వారి రాగిరేకుల గురించి విన్నావు కదా. కీర్తనలను రాగి మీద చెక్కి దాచడం వల్ల శతాబ్దాల తరువాత తీసినా చదవగలిగారు. అయితే రాగి గట్టిదైతే చాలదు. చెక్కిన లిపి చదివేవాళ్లకు తెలిసి ఉండాలి. డిస్కుకూ అంతే. గుంటలు ఎంత చక్కగా ఉన్నా, వాటిని ఏ వరుసలో చదవాలో అన్ని కంపెనీల యంత్రాలకూ తెలియాలి. ఫిలిప్స్ పెద్దరికం నాకు ఇక్కడే కనిపిస్తుంది. అంతా మాదే అని దాచుకోకుండా, పోటీదారైన సోనీతో కలిసి కూర్చుంది. ఫిలిప్స్ 11.5 సెంటీమీటర్ల డిస్కు, 14 బిట్లు చాలనుకుంది. చర్చల తరువాత 12 సెంటీమీటర్లు, 16 బిట్లు ఖాయమయ్యాయి. పాట నిడివి 74 నిమిషాలకు పెరిగింది. 1980లో ఆ ఒప్పందాన్ని ఒక గ్రంథంగా రాసుకున్నారు. దాన్ని రెడ్ బుక్ అంటారు. 1982 అక్టోబరు 1న జపాన్‌లో సోనీ మొదటి సీడీ ప్లేయరును అమ్మకానికి పెట్టింది.

గీత పడినా పాట ఆగకపోవడం ఆ ఒప్పందంలోని గొప్ప సంగతి. పక్కపక్కన ఉండవలసిన అంకెలను దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు. కొన్ని అదనపు అంకెలు కూడా చేరుస్తారు. ఒక చోట కొన్ని పోతే మిగిలిన వాటి నుంచి యంత్రం లెక్క కట్టి తెచ్చుకుంటుంది. దారి వెంట దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా పూర్తిగా సరిదిద్దగలదు! గణితం ఇంత మౌనంగా, ఇంత మందికి మేలు చేసిన సందర్భాలు తక్కువ. మీ లెక్కల మాస్టారుకు ఈ సంగతి చెప్పండి, సంతోషిస్తారు.

ఇక ఆటల సంగతి. టీవీకి తగిలించి ఆడుకునే మొట్టమొదటి యంత్రం 1972లో అమెరికాలో వచ్చింది. పేరు ఒడిస్సీ, తయారుచేసింది మాగ్నవాక్స్ కంపెనీ, దాని వెనక ఉన్న ఇంజనీరు రాల్ఫ్ బేయర్. దానికి శబ్దం లేదు, రంగులు లేవు. టీవీ అద్దం మీద రంగుల ప్లాస్టిక్ కాగితం అంటించి దాన్నే ఆటస్థలం అనుకునేవారు. రెండేళ్లకు మాగ్నవాక్స్‌ను ఫిలిప్స్ కొనేసింది. అలా ఇంటి ఆటలకు మూలమైన కంపెనీ, డిస్కుకు మూలమైన ప్రయోగశాల ఒకే గూటికి చేరాయి. మరి ఆటల రాజ్యం ఫిలిప్స్‌దే కావాలి కదా? కాలేదు.

1991 జూన్‌లో చికాగోలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగింది. నింటెండో అనే జపాన్ ఆటల కంపెనీ యంత్రానికి సీడీని జోడిస్తున్నామని సోనీ ప్రకటించింది. మరునాడే నింటెండో లేచి, మేము ఫిలిప్స్‌తో కలిసి పని చేస్తాం అంది. సోనీతో చేసుకున్న పాత ఒప్పందం ప్రకారం సీడీ ఆటల మీద అధికారం సోనీ చేతికి పోతుందని దాని భయం. అందరి ముందు జరిగిన ఆ అవమానం తరువాత సోనీలో కెన్ కుతరాగి అనే ఇంజనీరు పట్టు వదలలేదు. సొంత యంత్రమే చేద్దాం అన్నాడు. అధ్యక్షుడు నోరియో ఓగా అతని వెనక నిలబడ్డాడు. 1994 డిసెంబరు 3న జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చింది.

ఫిలిప్స్‌కు ఆ పొత్తు వల్ల దక్కింది తక్కువ. నింటెండో సీడీ యంత్రం బయటికే రాలేదు. నింటెండో ఆటల్లోని మారియో, జెల్డా పాత్రలతో తన సీడీ‌-ఐ యంత్రానికి ఆటలు చేసుకునే హక్కు మాత్రం మిగిలింది. 1991లో వచ్చిన సీడీ-ఐ ఒకే యంత్రంలో పాట, సినిమా, విజ్ఞాన సర్వస్వం, ఆట అన్నీ ఇవ్వాలనుకుంది. ఆడేవాళ్లకు అది అక్కర్లేదు. వాళ్లకు కావలసింది మంచి ఆటలు, చేతికి ఇమిడే మీటలు. సోనీ ఆటలు రాసే కంపెనీలను తన వైపు కూడగట్టింది. క్యాట్రిడ్జ్ అంటే లోపల చిప్ ఉన్న డబ్బా, చేయడం ఖరీదు. డిస్కు అచ్చు వేయడం చాలా చవక, పైగా 650 మెగాబైట్లు పడుతుంది. నింటెండో తరువాతి యంత్రం క్యాట్రిడ్జ్‌లో ఎక్కువలో ఎక్కువ 64 మెగాబైట్లే. మూడు డిస్కులు నింపే పెద్ద ఆటలు తీసేవాళ్లు సహజంగానే ప్లేస్టేషన్ వైపు నడిచారు. డిస్కు నెమ్మది కాబట్టి ఆట మొదలయ్యే వరకూ వేచి ఉండాలి. పిల్లలు దాన్ని ఓర్చుకున్నారు.

నాకు ఫిలిప్స్ మీద జాలి లేదు, గౌరవం ఉంది. ప్రతి ప్లేస్టేషన్ డిస్కులోనూ వాళ్ల ప్రయోగశాల పని తిరిగింది. పెట్టె మీద పేరు లేనంత మాత్రాన పని చిన్నది కాదు, హర్షా.

తరువాత కథ త్వరగా చెప్పేస్తాను. లేజరు వెలుగు తరంగం పొట్టిదైన కొద్దీ గుంటలు చిన్నవయ్యాయి. సీడీకి 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూ-రేకి 405. డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు, బ్లూ-రే 25 గిగాబైట్లు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 సినిమా డీవీడీలు కూడా ఆడించేది. ఇప్పుడు ఆటలు ఇంటర్నెట్ నుంచే దిగుతున్నాయి. 2020లో సోనీ ప్లేస్టేషన్ 5ను డిస్కు చోటు లేని రకంలో కూడా తెచ్చింది. మామయ్య కొన్నది అలాంటిదే. నాకైతే డిస్కే నచ్చుతుంది. పూర్తిచేసిన ఆటను స్నేహితుడి చేతికి ఇవ్వవచ్చు.

బీరువాలోని డిస్కులను పారేయకండి. తుడిచేటప్పుడు గుండ్రంగా కాదు, మధ్య నుంచి అంచుకు మెత్తని గుడ్డతో తుడవండి. గుండ్రంగా పడిన గీత ఒకే దారి వెంట పోయి చాలా అంకెలను పాడుచేస్తుంది. సీడీకి బొమ్మ ఉన్న వైపు ఎక్కువ జాగ్రత్త కావాలి, మెరిసే పొర ఆ బొమ్మ కిందే ఉంటుంది. అడుగు భాగం ఆకుపచ్చగానో నీలంగానో కనిపించే సీడీలు ఇంట్లోనో దుకాణంలోనో రాయించినవి. వాటిలో గుంటలకు బదులు రంగు పొర ఉంటుంది, ఎండ తగిలితే అది చెడుతుంది. మీ అమ్మ పెళ్లి వీడియో, అవ్వ పాడిన మంగళహారతులు అలాంటి డిస్కుల మీదే ఉన్నాయి. గంగమ్మ జాతరకు వచ్చేటప్పుడు వాటిని ముందుగా తీసుకురండి. నా పాత కంప్యూటరులో డిస్కు పెట్టే చోటు ఇంకా పనిచేస్తోంది, అన్నీ కాపీ చేసి పెడతాను. పాత ఆటల డిస్కులూ తెండి, ఏది ఎవరు చేశారో వెనక అట్ట మీద చదువుదాం.

ప్రేమతో
మీ తాత