"పిల్లలు బడికెళ్తే అదే సర్దుకుంటుంది": ఈ ఒక్క అపోహ ముందు వదిలేయండి

నిన్న కూడా అదే మాట విన్నా. కూకట్‌పల్లిలో నేను కౌన్సెలింగ్ చేసే గదిలో ఒక అమ్మ, ఒళ్లో ఏడాదిన్నర బాబు, పక్కన నా టేబుల్ మీద పెన్నులన్నీ లాగేస్తున్న పాప, "మేడమ్ నాకేం జబ్బు లేదు, ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ కనపడట్లేదంతే" అని ఏడ్చేసింది. పిల్లలు బడికెళ్తే అదే సర్దుకుంటుందిలే అని ఇంట్లో అన్నారట.

సర్దుకోదండీ. డైపర్లు పోయి హోంవర్కులొస్తాయి, పాలసీసా పోయి లంచ్ బాక్స్ వస్తుంది, చేసే మనిషి మాత్రం ఆమే. మింగిన కోపం ఊరికే పోదు, పాలగ్లాసు ఒలకబోసిన పిల్ల వీపు మీద పడుతుంది, ఆ తర్వాత బాత్రూంలో ట్యాప్ తిప్పుకుని ఏడవడం. ఇది నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు కూడా "నన్నెవరూ పట్టించుకోక వచ్చిన బాధేలే" అనుకుని ఏళ్లకేళ్లు ఆగిపోతున్నారు. కాన్పైన రెండు మూడు రోజులకి వచ్చే దిగులు మామూలుగా రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోయినా, ఏడాది లోపు ఎప్పుడైనా కొత్తగా మొదలైనా, పిల్లాడు పడుకున్నా మీకు నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా అది ఓపికకి సంబంధించిన విషయం కాదు. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలే ఉంటాయి, 1987 నుంచి వాడుతున్నారు, మీ గైనకాలజిస్ట్‌నే అడగండి. "నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారు" అనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఏ టైంలోనైనా ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అలాగే థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది, నీరసాన్ని బద్ధకం అనేస్తే ఎట్లా?

"ఇంట్లోనే ఉంటావు, నీకేం పని?" దీనికి జవాబు 2019 ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వేలో ఉంది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్లు 97. పిల్లల్ని చూసుకునే టైం వేరే.

"మేం పెంచలేదా?" అంటారు అత్తగార్లు. పెంచారు. అప్పుడు ఇంట్లో పదిచేతులు ఉండేవి, ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్‌లో రెండే. పైగా ఆ అత్తగార్లని కూడా అప్పట్లో ఎవరూ "తిన్నావా" అని అడగలేదు, అది నా దగ్గర చెప్పుకుని ఏడ్చిన పెద్దావిడలు ఉన్నారు.

"థాంక్స్ చెప్తే చాలు" అనుకునే భర్తలు చాలామంది. చీర, కేకు వద్దనట్లేదు. కానీ నా దగ్గరికొచ్చే తల్లులు అడిగేది "రెండు గంటలు నన్నెవరూ పిలవకపోతే చాలు" అని. మా చిన్నోడికి ఎనిమిదో నెలప్పుడు నాకు జ్వరమొస్తే మావారు లీవ్ పెట్టి చూసుకున్నారు, కానీ పక్కగదిలోంచి పిలుపులే, స్పూన్ ఎక్కడ, సిరప్ ఎంత, ఏ చొక్కా వెయ్యాలి. పని ఆయన చేశారు, గుర్తుపెట్టుకోవడం నాదే అయింది. తర్వాత టీకాలు, డాక్టర్ మొత్తం ఆయనకే అప్పజెప్పా. ఒక బూస్టర్ వారం లేటైంది. గుర్తుచేయకుండా ఉండటానికి నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు, కానీ చెయ్యలేదు. ఇప్పుడు ఆ టీకాల కార్డు ఆయన ఆఫీసు బ్యాగులోనే ఉంటుంది.

నిన్నొచ్చినామెని ముందు డాక్టర్ దగ్గరికి పంపా. గురువారం భర్తని తీసుకుని రమ్మన్నా. ఫోన్ చేసింది, పిల్లల్ని ఆపూట అత్తగారు చూసుకుంటానన్నారట.