గల్లీ చివరి నల్లా

మా గల్లీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారుజామున లైన్‌మన్ వచ్చి వాల్వు తిప్పితే పావుగంటలో మా ఇంటికి అందుతాయి. గల్లీ చివరి ఇంటికి చేరడానికి ఇంకో పావుగంట పడుతుంది. మొన్న ఎండాకాలంలో ఎదురింటి పెద్దమ్మ బిందె పక్కన పెట్టి లైన్‌మన్‌ని నిలదీసింది.

"ఏం బిడ్డా, నీళ్లల్ల మందు గింత ఎక్కువ కలిపిండ్రు? నోట్లె పెట్టబుద్ధి కాట్లే."

"మందు వాసనొస్తే మంచిదే పెద్దమ్మా. రాని రోజు నాకు ఫోన్ చెయ్యి."

మందు అంటే సూక్ష్మజీవులను చంపడానికి నీళ్లలో కలిపే క్లోరిన్. నల్లా నీళ్ల గురించి ఇంత సూటిగా, ఇంత సరిగ్గా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. ఆ మాట విలువ నాకు అనుభవం మీద తెలిసింది. అంతకు ముందు ఏడాది వానాకాలంలో మా పాపకు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు మొదట అడిగిన ప్రశ్న "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని. నేను ధైర్యంగా "మా నీళ్ల టీడీఎస్ 230 సార్, మీటరుతో చూశాను" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "టీడీఎస్ కాదమ్మా, క్లోరిన్ ఎంత ఉంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. దాన్ని చూపే పెన్ను లాంటి మీటరు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఉంది. అది చేసేది ఒకటే పని. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. ఉప్పు, సున్నం, మెగ్నీషియం లాంటి లవణాలు ఎంత ఎక్కువ కరిగి ఉంటే కరెంటు అంత బాగా పారుతుంది, అంకె అంత పెరుగుతుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా అన్నది తెలుసుకోవడానికి అది చాలు. కానీ బిందెడు మంచినీళ్లలో ఒక చెంచాడు మోరీ నీళ్లు కలిపి చూడండి, ఆ అంకె కదలదు. ఆ చెంచాడులో మాత్రం మనిషి పేగుల నుంచి వచ్చిన బాక్టీరియా వేలల్లో, లక్షల్లో ఉంటుంది. బిందెలో ముంచిన ప్రతి గ్లాసులోకీ అది వస్తుంది. మీటరు మాత్రం 230 అనే చూపిస్తుంది.

మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, ఈ రెండింటినీ ఎలా చూస్తుందో గమనించండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఉంటే మంచిది అంటుంది. వేరే నీటి వనరు లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు అంటుంది. పేగుల్లో ఉండే ఈ-కోలి బాక్టీరియా విషయంలో ఆ సర్దుబాటు లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్కటి కూడా కనిపించకూడదు. లవణాల దగ్గర నాలుగింతల సడలింపు ఇచ్చిన ప్రమాణం మలం ఆనవాళ్ల దగ్గర పిసరంత కూడా ఇవ్వలేదు. మనం మాత్రం మొదటిదాన్నే కొలుచుకుంటూ కూర్చున్నాం.

ఇదంతా చెప్పడం నగరానికి వచ్చే నీళ్లను తప్పుపట్టడానికి కాదు. నిజానికి ఆ నీళ్లు చేసే ప్రయాణం తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదకు అడ్డుకట్టగా జలాశయాలు తలపెట్టారు. 1920లో గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. వరదను ఆపడానికి కట్టినవే ఊరి దాహం తీర్చాయి. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్ల దాకా మోటరు అవసరం లేకుండా పల్లానికి పారుతూ వచ్చేవి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదిలిపోడని పాతకాలం వాళ్లు ఇప్పటికీ అంటారు. 1965లో మంజీరా వచ్చింది, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. ఇప్పుడు కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ వస్తాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి ఇంకా దూరం. అయినా మా ఇంట్లో అన్నీ "మంజీరా నీళ్లే". బోరు నీళ్లు కానివన్నీ ఈ ఊళ్లో మంజీరా నీళ్లే.

ఇంత దూరం వచ్చిన నీళ్లను ఫిల్టర్‌బెడ్‌లో మొదట పటికతో తేరుస్తారు. ఇది మనవాళ్లకు కొత్త కాదు. మా నాయనమ్మ ఊళ్లో చెరువు నీళ్లు తెచ్చి, బిందె లోపల చిల్లగింజ అరగదీసి వదిలేసేది. పొద్దుటికి మన్నంతా అడుగున చేరేది. నీళ్లలోని సన్నటి మట్టి రేణువులకు రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి తప్ప కిందికి దిగవు. పటికలోని అల్యూమినియం ధనావేశంతో వచ్చి ఆ నెట్టుడును ఆపుతుంది. రేణువులు ఉండలు కట్టి బరువెక్కి మునుగుతాయి. చిల్లగింజలోని పొడవాటి అణువులు కూడా రేణువులను ఇలాగే కలిపి పట్టుకుంటాయి. తేరిన నీళ్లు తర్వాత ఇసుక పొరల గుండా దిగుతాయి. ఇది కంటికి ఇంపుగా ఉండటానికి మాత్రమే కాదు. బురద ఉన్న నీటిలో సూక్ష్మజీవులు రేణువుల చాటున దాక్కుంటాయి, పైగా ఆ బురదే క్లోరిన్‌ను తినేస్తుంది. ముందు తేర్చాలి, తర్వాతే మందు.

ఆ మందు కథ కూడా 1908దే. మూసీ వరదకు సరిగ్గా రెండు రోజుల ముందు, సెప్టెంబరు 26న, అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే నీటిలో నిరంతరంగా క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ దేశంలో ఒక నగరం నీటికంతటికీ ఆగకుండా అలా కలపడం అదే మొదలు. తాగే నీళ్లలో రసాయనమా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది, కోర్టు దాకా వెళ్లింది. అలా కలిపించిన డాక్టర్ జాన్ లీల్ దాన్ని గట్టిగా సమర్థించారు, చివరికి కోర్టు ఆయన పద్ధతినే ఒప్పుకుంది. మా పెద్దమ్మ అడిగిన ప్రశ్న వందేళ్ల నాటి ప్రశ్నే.

క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. ఈ చిన్న అణువుకు విద్యుదావేశం లేదు కాబట్టి బాక్టీరియా గోడను తేలిగ్గా దాటి లోపలికి పోతుంది, దాని ప్రోటీన్లను పాడుచేస్తుంది. అసలు గొప్పతనం అది కాదు. మరిగించినా, వడకట్టినా నీళ్లు ఆ క్షణానికే శుభ్రమవుతాయి. క్లోరిన్ కొంత మిగిలి నీళ్లతో పాటు ప్రయాణం చేస్తుంది. దారిలో ఏదైనా చొరబడితే అక్కడికక్కడే ఎదుర్కొంటుంది. ఈ మిగులుకే అవశేష క్లోరిన్ అని పేరు. అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం చెబుతుంది, ఫిల్టర్‌బెడ్ దగ్గరో ట్యాంకు దగ్గరో కాదు, మనం బిందె పెట్టే చోట.

ఎందుకంటే ప్రమాదమంతా ఆఖరి అడుగుల్లోనే ఉంది. నీరు పల్లమెరుగు అంటారు. పైపులో నీటికి పల్లం అంటే ఒత్తిడి తక్కువున్న చోటు. సరఫరా ఉన్నంతసేపు పైపు లోపల ఒత్తిడి ఎక్కువ. ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయే గానీ బయటివి లోపలికి రావు. వాల్వు కట్టేయగానే లెక్క తిరగబడుతుంది. పల్లపు ఇళ్ల వైపు నీళ్లు జారిపోతూ వెనక ఖాళీని మిగులుస్తాయి, ఆ ఖాళీ చుట్టూ ఉన్న తడిని పీలుస్తుంది. మన బస్తీల్లో నల్లా పైపు, డ్రైనేజీ పైపు ఎంత దగ్గర దగ్గరగా పోతాయో రోడ్డు తవ్వినప్పుడు చూసినవాళ్లకు తెలుసు. కొన్ని చోట్ల నల్లా కనెక్షన్ మోరీలోంచే పోతుంది. 2009 మే నెలలో మన భోలక్‌పూర్‌లో తాగునీటి పైపులోకి మురుగు చేరి వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. బయలుదేరినప్పుడు ఆ నీళ్లు బాగానే ఉన్నాయి. వాళ్లను చంపింది ఆఖరి దూరంలో కలిసిన మురుగు. ఆ సంగతి నేను ఎప్పుడు తలచుకున్నా మనసు కుదురుగా ఉండదు.

కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడ్‌లో కొన్ని వార్డులకు 24 గంటలూ, మిగతా వాటికి కొన్ని రోజులకోసారి నీళ్లు వచ్చేవి. ఊరూ ఒకటే, నీళ్లూ ఒకటే. పరిశోధకులు రెండు రకాల ఇళ్ల నల్లాల దగ్గరా పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. విడతలవారీగా వచ్చే చోట ఈ-కోలి ఎక్కువసార్లు కనిపించింది. సరఫరా మొదలైన తొలి నిమిషాల నీళ్లు మరీ చెడ్డవని కూడా తేలింది. మన ఆడవాళ్లు మొదటి రెండు బిందెలు వాకిలి కడగడానికి, మొక్కలకు వాడేసి తర్వాత తాగే నీళ్లు పడతారు. నీళ్లు ఎర్రగా వస్తాయని చేసే ఆ పని వెనక ఎంత శాస్త్రం ఉందో!

ఒక అలవాటు గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. నల్లాకు నేరుగా మోటరు పెట్టి లాగడం. మోటరు నీళ్లతో ఆగదు, పైపులో ఒత్తిడి పడిపోయేలా పీలుస్తుంది. పక్కనున్న మోరీ నీళ్లను చిల్లుల్లోంచి పైపులోకి రమ్మని పిలిచినట్టే. మోటరు పెట్టింది ఒక ఇల్లయితే రోగం వచ్చేది ఇంకో ఇంటికి, ఎక్కువగా గల్లీ చివరి ఇంటికి.

ఇక సంపు. పాపకు జ్వరం తగ్గాక మా సంపు ఖాళీ చేయించి దిగి చూశాను. మోరీ వైపు గోడకు జానెడు పగులు, అందులోంచి నల్లటి చెమ్మ. మూత రోడ్డు మట్టానికే ఉంది, వాన నీళ్లు నేరుగా లోపలికే. ఆ సంపులో మంజీరా, బోరు రెండూ కలుస్తాయి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి నల్లా తెచ్చిన కాస్త క్లోరిన్ కూడా అక్కడే ఖర్చయిపోతుంది. తప్పు మా ఇంట్లోనే ఉందని తెలిసి చాలా బాధపడ్డాను. పగులు పూడ్పించి, మూత ఎత్తు పెంచి, రెండు నీళ్లకూ వేరు వేరు ట్యాంకులు పెట్టించాను. అనుమానంగా ఉన్నప్పుడు సంపులో బ్లీచింగ్ పౌడర్ వేస్తాం. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు 4 గ్రాములు 1000 లీటర్లకు కలిపితే లీటరుకు 1 మిల్లీగ్రాము వస్తుంది. బకెట్లో కలిపి, సున్నం పేరుకున్నాక పై తేట మాత్రమే పోసి, అరగంట ఆగాలి. డబ్బా మూత తీసి ఉంచితే పౌడరు బలం తగ్గిపోతుంది, పాతది పనికిరాదు.

మరి ఆర్వో, అంటే లవణాలను కూడా తీసేసే ఇంటి ఫిల్టరు? బోరు నీళ్లే దిక్కయిన ఇళ్లకు అది అవసరం కావచ్చు. మన నేల గ్రానైటు, దాని ఖనిజాల్లోంచి ఫ్లోరైడ్ దిగుతుంది, మురుగు ఇంకిన చోట నైట్రేట్ చేరుతుంది. ఈ రెండూ మరిగిస్తే పోవు. కానీ నల్లా నీళ్ల టీడీఎస్ 500 లోపే ఉంటే ఆర్వోతో పని లేదు. అలాంటి చోట్ల ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో చెప్పింది కూడా. ఆర్వో నీళ్లలో, 20 లీటర్ల క్యాన్లలో క్లోరిన్ ఉండదు, కాబట్టి క్యాను కడగకపోయినా, చేయి ముంచినా అడ్డుకునేది ఏమీ లేదు. మంజీరా నీళ్లకు తెర్లేదాకా మరిగించి మూత పెట్టుకోవడం చాలు. వాసన గిట్టనివాళ్లు కాసేపు వెడల్పు గిన్నెలో ఉంచినా పోతుంది.

పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. లైన్‌మన్ దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది. చిన్న గొట్టంలో నీళ్లు తీసుకుని రెండు మూడు చుక్కల ద్రావణం వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, ఎంత ఉంటే అంత ముదురు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయాలి. మలం కలిసిందేమో చూడటానికి ఇంకోటి ఉంది. గ్వాలియర్‌లోని మన రక్షణ శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన హెచ్2ఎస్ సీసా. నీళ్లు గీత దాకా పోసి గది వేడిలోనే ఒకటి రెండు రోజులు వదిలేస్తే, పేగుల బాక్టీరియా ఉన్న నీళ్లు నల్లబడతాయి. చదువు రాని మనిషి కూడా చూసి చెప్పగలిగే పరీక్ష అది.

పోయిన శ్రావణంలో నేనూ, లైన్‌మన్ కలిసి మా గల్లీలో వరుసగా చూశాం. మొదటి ఇంట్లో మంచి పసుపు. మా ఇంట్లో లేత పసుపు. చివరి ఇంట్లో, నెలల పసివాడు ఉన్న ఇంట్లో, రంగే రాలేదు. అతను మళ్లీ చుక్కలు వేశాడు, మళ్లీ తెలుపే. ఆ సాయంత్రమే ఫిర్యాదు రాయించాం. ఆ నల్లా కట్టేసి, ఆ ఇంటివాళ్లు మా ఇంటి నుంచి నీళ్లు పట్టుకుపోయారు. నాలుగో రోజు తవ్వితే మోరీ కింద నుంచి పోతున్న పైపు జాయింటు తుప్పు పట్టి ఊడి ఉంది. దాన్ని మార్చి, పైపును మోరీకి దూరంగా, పైనుంచి తిప్పారు.

తర్వాతి విడత నీళ్లు వచ్చిన తెల్లవారి పెద్దమ్మ కూడా వచ్చి నిలబడింది. లైన్‌మన్ గొట్టం పైకెత్తి వెలుగుకేసి చూపించాడు. గొట్టంలో సన్నగా, నిమ్మతొక్క రంగు.

"గింత పసుపు సాల్తదా బిడ్డా?"

"సాల్తది పెద్దమ్మా. 0.2 ఉన్నది."