నిరూపించాల్సింది జవానా, సైన్యమా?

సైనిక సేవ వల్ల వైకల్యం కలిగినవారికి ఇచ్చే డిసేబిలిటీ పెన్షన్‌పై వివాదం రాజుకున్న ప్రతిసారీ చర్చ వైకల్య శాతాల చుట్టూ, బకాయిల చుట్టూ తిరుగుతుంది. అసలు ముడి మాత్రం జబ్బు కొలువు వల్లే వచ్చిందని ఎవరు రుజువు చేయాలన్న దగ్గర ఉంది.

ఆ ముడి విడింది 2013 జులై 2న, ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన ఆ సైనికుణ్ని మూర్ఛవ్యాధి కారణంగా, 20 శాతం వైకల్యం ఉందని తేల్చి, 1994లో ఇంటికి పంపారు. పెన్షన్ మాత్రం ఇవ్వలేదు. జబ్బుకు కారణమేమిటో రాయాల్సిన చోట, వైకల్యాన్ని తేల్చే సైనిక వైద్యుల మెడికల్ బోర్డు సైనిక సేవతో సంబంధం లేదని ఒక్క ముక్క రాసి వదిలేసింది. చేరిన రోజు పరీక్షలో ఆ జబ్బు ఊసే లేదు. ఈ పెన్షన్ అర్హతను తేల్చే 1982 నిబంధనల ప్రకారం అలాంటి మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, రుజువు భారం అతనిపై ఉండదనీ, సందేహం మిగిలితే దాని ఫలితం అతనికే దక్కాలనీ, సేవతో సంబంధం లేదనే బోర్డు అందుకు కారణాలు రాసి తీరాలనీ కోర్టు తేల్చింది.

ఆ తర్వాతి పోరాటమంతా ఈ భారాన్ని తిరిగి జవాను భుజాన మోపే ప్రయత్నమే. రక్తపోటు, మధుమేహం జీవనశైలి జబ్బులనీ, అవి సరిహద్దుకు, యుద్ధరంగానికి దూరంగా శాంతి ప్రాంతంలో ఉండగా బయటపడ్డాయనీ, 1982 నాటివాటి స్థానంలో వచ్చిన 2008 నిబంధనల్లో ఆరోగ్యంగానే చేరాడన్న పాత ఊహకు చోటు లేదనీ ప్రభుత్వం వాదిస్తోంది. కుటుంబానికి దూరంగా, క్రమశిక్షణ ఒత్తిడిలో గడిచిన ఇరవై ఏళ్లు ఆ వాదనలో ఎక్కడా కనిపించవు.

పెన్షన్ తిరస్కరణకు గురైనవారు మొదటి అప్పీలు, రెండో అప్పీలు చేసుకున్నాక సైనిక దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారి కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. అక్కడ గెలిచినా కథ ముగియదు. ట్రైబ్యునల్ ఉత్తర్వులపై హైకోర్టుకు వెళ్లకుండా 2015లో మూసిన తలుపును సుప్రీంకోర్టు 2023 మార్చిలో తెరిచింది. సైనికులకు ఊరటగా కనిపించిన ఆ తలుపులోంచే రక్షణ శాఖ కూడా వచ్చింది. అలా వచ్చిన దాదాపు 300 పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు 2025 జులైలో కొట్టివేసింది. 2008 నిబంధనల కిందకు వచ్చినా బోర్డు కారణాలు చెప్పక తప్పదని స్పష్టం చేసింది.

2023 సెప్టెంబరు 21 తర్వాత కొలువు వీడినవారికి కొత్త నిబంధనలు వర్తిస్తాయి. అంతకుముందే వచ్చేసినవారు మాత్రం తిరస్కరణ లేఖ కంటే ముందు మెడికల్ బోర్డు నివేదిక నకలు సంపాదించి, కారణం రాయాల్సిన గడిలో ఏముందో చూసుకోవాలి.