ఆటిజం పిల్లలు బడికి రామని ఏడిస్తే: అపోహలు - వాస్తవాలు

ఆటిజం అంటే నలుగురితో కలవడం, మాట్లాడటం, శబ్దాలూ వాసనలూ తట్టుకోవడం మిగతావాళ్ళకంటే వేరుగా ఉండే ఎదుగుదల తీరు. జూన్‌లో బడులు తెరవగానే ఈ పిల్లలతో నా థెరపీ గదికి వచ్చే అమ్మానాన్నల గోడు ఒక్కటే: "వీడు స్కూలుకి వెళ్ళనంటున్నాడు మేడం." దాంతోపాటు చుట్టాలిచ్చిన తీర్పులూ మోసుకొస్తారు.

అపోహ: ఒట్టి మొండితనం. రెండు తగిలిస్తే దారికొస్తాడు.
వాస్తవం: బడి ఎగ్గొట్టేవాడు బ్యాగు వేసుకుని బయటికెళ్ళి ఇంకెక్కడో తేలతాడు. ఆటిజం పిల్లలు అమ్మ కళ్ళెదుటే, యూనిఫాం చూడగానే వణికిపోతారు. 2017లో వచ్చిన ఒక నార్వే అధ్యయనంలో 9-16 ఏళ్ళవాళ్ళను 20 బడి రోజులు గమనించారు. ఆటిజం ఉన్నవాళ్ళలో 42.6 శాతం మంది, లేనివాళ్ళలో 7.1 శాతం మంది బడి వద్దన్నారు. ఇంతమందీ మొండివాళ్ళేనా?

అపోహ: కడుపునొప్పి నాటకం.
వాస్తవం: ముందు పిల్లల డాక్టరుకు చూపించండి. ఈ పిల్లల్లో మలబద్ధకం మామూలే. బడి బాత్రూం వాసన పడక సాయంత్రం దాకా నీళ్ళు ముట్టనివాళ్ళూ ఉన్నారు. అవేవీ కావని తేలితే గోడ క్యాలెండర్ తీసి, ఏడ్చిన రోజులకు గుర్తు పెట్టండి. రెండో తరగతి బాబు ఒకడికి లెక్కల టీచరు గట్టి గొంతే కారణమనుకుని నేనే రెండు వారాలు పాడుచేశాను. తర్వాత వాళ్ళమ్మ చేత ఏడ్చిన రోజులకు సున్నా చుట్టించాను. అన్నీ మంగళ, శుక్రవారాలే! టైంటేబుల్లో ఏమీ దొరకలేదు. చివరికి స్కూల్ ఆయా చెప్పింది, ఆ రోజుల్లో వాడి కిటికీ పక్కనే బ్యాండ్ ప్రాక్టీసని. ఆ పీరియడ్‌లో లైబ్రరీలో కూర్చోబెట్టారు. నొప్పి చాలావరకు తగ్గింది.

అపోహ: "క్లాసులో బాగానే ఉంటాడండీ" అని టీచరు చెప్పారంటే తప్పు ఇంట్లోనే.
వాస్తవం: టీచరు అబద్ధం చెప్పట్లేదు. రోజంతా బిగబట్టుకుని, ఇంటి గుమ్మం దాటగానే బద్దలయ్యే పిల్లలు చాలామంది.

అపోహ: ఏడాది మానిపిస్తే అదే సర్దుకుంటుంది.
వాస్తవం: లాక్కెళ్ళడం ఎంత తప్పో, ఏ ప్లానూ లేకుండా మానిపించడమూ అంతే. రోజులు గడిచేకొద్దీ తిరిగి వెళ్ళడం కష్టమవుతుంది. మెల్లగా అలవాటు చేయండి: మొదట గేటు దాకా, తర్వాత ఇష్టమైన పీరియడ్ ఒక్కటి, ఏడుపు మొదలవకముందే ఇంటికి. అసెంబ్లీ అయ్యాకే పంపితే కొంప మునగదు.

అపోహ: స్కూలువాళ్ళు "వేరే స్కూలు చూసుకోండి" అన్నాక చేసేదేం లేదు.
వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు, కొట్టకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలనీ అందులో ఉంది. కావలసినవేంటో హెడ్‌మాస్టరు గారికి ఉత్తరం రాసివ్వండి, సంతకం చేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి.