300 మిల్లీగ్రాముల మాత్రకు జరగని పరీక్ష

దాదాపు ఆరేళ్లుగా తన ఆమోదంతోనే అమ్ముడవుతున్న ఒక డిప్రెషన్ మందు అసలు బ్రాండ్‌కు సమానం కాదని 2012 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. అది ఇంపాక్స్ కంపెనీ తయారుచేయగా టేవా కంపెనీ అమ్మిన బ్యుడెప్రియాన్ ఎక్స్‌ఎల్ 300 మిల్లీగ్రాముల మాత్ర, అంటే వెల్‌బ్యుట్రిన్ ఎక్స్‌ఎల్ అనే బ్రాండ్ మందుకు జెనరిక్, అదే మందుతో వేరే కంపెనీ చేసిన మాత్ర. రెండింటిలోనూ ఉన్న మందు బుప్రోపియానే.

1984 నాటి హాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం జెనరిక్ తయారీదారు పెద్ద ప్రయోగాలన్నీ మళ్లీ చేయనక్కర్లేదు. ఆరోగ్యవంతులైన కొద్దిమందికి రెండు మందులూ ఇచ్చి, రక్తంలోకి మొత్తం ఎంత మందు చేరింది, గరిష్ఠంగా ఏ స్థాయిని అందుకుంది అన్నవి పోల్చి చూపిస్తే చాలు. ఆ నిష్పత్తి 80 నుంచి 125 శాతం మధ్య ఉండాలన్న నిబంధన విని, మాత్రలో మందు 20 శాతం తగ్గినా ఫరవాలేదేమోనని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. గణాంకాల్లో వచ్చే అనిశ్చితితో సహా ఫలితం ఆ హద్దుల్లో ఇమడాలి కనుక సగటు తేడా సాధారణంగా చాలా తక్కువే ఉంటుంది. హైదరాబాద్ పరిసరాల్లోని ఫ్యాక్టరీల నుంచి అమెరికాకు వెళ్లే జెనరిక్ మాత్రలు కూడా ఈ కొలతకే తూగాలి.

అయితే బుప్రోపియాన్ విషయంలో ఒక చిక్కు ఉంది. మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ కారణంగానే 1986లో మార్కెట్ నుంచి తప్పించిన ఈ మందును 1989లో మోతాదుకు పరిమితి పెట్టి తిరిగి తెచ్చారు. అందువల్ల వలంటీర్లకు 150 మిల్లీగ్రాముల మాత్రతోనే పరీక్ష జరిపి, ఆ ఫలితం ఆధారంగా 2006 డిసెంబరులో 300 మాత్రనూ ఆమోదించారు.

మాత్ర మారిన కొద్ది రోజులకే తలనొప్పి, ఆందోళన, నిద్రలేమి మొదలయ్యాయనీ, తగ్గిన కుంగుబాటు తిరగబెట్టిందనీ రోగుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. వాటిని ఔషధాలపై కాలమ్ రాసే జో, టెరెసా గ్రేడన్ దంపతులు వెలుగులోకి తెచ్చారు. 2007లో కన్స్యూమర్‌ల్యాబ్ అనే స్వతంత్ర సంస్థ పరీక్షించినప్పుడు, మొదటి రెండు గంటల్లో జెనరిక్ మాత్ర 34 శాతం మందును వదిలితే, బ్రాండ్ మాత్ర 8 శాతమే వదిలింది. రోజంతా నిదానంగా అందాల్సిన మందుకు ఇది చిన్న తేడా కాదు. మందును నిదానంగా వదిలే ఏర్పాటు రెండు మాత్రల్లోనూ ఒకటి కాదు.

అయినా 2008లో ఎఫ్‌డీఏ రెండూ సమానమేనంది. డిప్రెషన్ తనంతట తానే తిరగబెట్టే జబ్బు కనుక నెపం మాత్ర మీద వేయలేమన్నది దాని వాదన. వైద్యపరంగా ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ రోగి మింగుతున్న మాత్రను మనిషిలో ఒక్కసారైనా పరీక్షించకుండా ఆ మాట అనడం అన్యాయం. 300 మాత్రపై పరీక్ష చేయమని ఎఫ్‌డీఏ కోరగా కంపెనీ మొదలుపెట్టిన అధ్యయనం, తగినంతమంది చేరక ఆగిపోయింది. చివరకు ఎఫ్‌డీఏ తానే 24 మంది ఆరోగ్యవంతులతో అధ్యయనం చేయించింది. జెనరిక్‌తో రక్తంలో గరిష్ఠ స్థాయి బ్రాండ్‌తో పోలిస్తే సగటున 75 శాతానికే చేరింది. మొత్తం చేరిన మందు 86 శాతం. మాత్రను మార్కెట్ నుంచి ఉపసంహరించారు.

ఇదే మోతాదు అమ్ముతున్న మరో నాలుగు కంపెనీలనూ ఎఫ్‌డీఏ సొంతంగా పరీక్షలు చేయమంది. 2013లో వాట్సన్ కంపెనీ మాత్ర తప్పింది, మిగిలిన మూడూ నెగ్గాయి.