76 మార్కుల రేడియో

1933 ఆగస్టులో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లో ఓ చవక రేడియో పెట్టారు. బేకలైట్ అనే ప్లాస్టిక్ పెట్టె, ధర 76 మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు). అప్పట్లో ఆ తరహా సెట్లకయ్యే ఖర్చులో దాదాపు సగం. పేరు 'ప్రజల రేడియో', మోడల్ నంబరు 301. ఆ అంకె ఊరికే పెట్టలేదు. హిట్లర్ ఛాన్సలర్ అయింది జనవరి 30న, అంటే 30-1. 1938లో ఇంకా చిన్న సెట్ 35 మార్కులకే వచ్చింది. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ మీద జనం దానికి 'గోబెల్స్ మూతి' అని పేరు పెట్టారు.

ఈ సెట్లలో విదేశీ స్టేషన్లు అసలు రావని చాలామంది అనుకుంటారు. షార్ట్‌వేవ్ లేని మాట నిజమే. కానీ పగలు మీడియం వేవ్ తరంగాలను మింగేసే వాతావరణ పొర రాత్రికి పలచబడుతుంది. అప్పుడు అవి ఇంకా పైనున్న పొరకు తగిలి, ఎక్కడో దూరాన కిందికి దిగుతాయి. ఏరియల్ బాగుంటే లండన్ వినిపించేది. అందుకే 1939 సెప్టెంబరు 1న, పోలండ్ మీద దాడి మొదలైన రోజే, విదేశీ రేడియో వినడం నేరమన్నారు. విన్నది పదిమందికీ చెబితే మరణశిక్ష కూడా పడొచ్చు. రేడియో ఆపలేనిదాన్ని భయం ఆపాలి కదా!

పొద్దస్తమానం ఉపన్యాసాలే అయితే ఎవరు వింటారు? ఆ సంగతి గోబెల్స్‌కు బాగా తెలుసు. బోర్ కొట్టించొద్దని 1933 మార్చిలోనే రేడియో అధికారులకు గట్టిగా చెప్పాడు. యుద్ధకాలంలో సైనికులు కోరిన పాటలు ఆదివారాలు వేసేవారు. పాట కోసం పెట్టిన రేడియోని వార్తలు రాగానే ఎంతమంది కట్టేస్తారు?

ఇంతకీ ఇవన్నీ పనిచేశాయా? దీని మీద నాకు బాగా నచ్చింది 2015లో వెలువడిన ఓ అధ్యయనం. కొందరు ఆర్థికవేత్తలు రేడియో సిగ్నల్ బాగా అందిన ప్రాంతాల ఓట్లను, సరిగా అందని ప్రాంతాల ఓట్లతో పోల్చి చూశారు. హిట్లర్ రాకముందు రేడియో ప్రభుత్వం చేతిలో ఉండేది, ధోరణి నాజీలకు వ్యతిరేకం. ఆ రోజుల్లో సిగ్నల్ ఉన్నచోట నాజీల ఓట్లు అంతగా పెరగలేదు. రేడియో వాళ్ల చేతికొచ్చాక, అయిదు వారాలకే జరిగిన మార్చి ఎన్నికల్లో కథ తిరగబడింది. అదే సిగ్నల్ వాళ్లకే ఓట్లు తెచ్చిపెట్టింది.

అయితే యూదుల మీద విషం చిమ్మిన ప్రసారాలు అన్నిచోట్లా ఒకేలా పనిచేయలేదు. శతాబ్దాలుగా యూదు ద్వేషం పాతుకుపోయిన ప్రాంతాల్లో అవి బాగా ఎక్కాయి. ఆ ద్వేషం పెద్దగా లేని చోట్ల అవే మాటలు ఎదురు తన్నాయి.